బంతి వచ్చేలోపు

నాకు 15 ఏళ్ళప్పుడు, ఫుట్‌బాల్ అకాడమీ శిక్షణలో ఒక సాయంత్రం, మైదానం మధ్యలో బంతి అందుకుని ఎడమవైపు వింగ్‌లో, అంటే అంచు గీత దగ్గర ఉన్న కుర్రాడికి పాస్ ఇచ్చాను. పాస్ చక్కగా చేరింది. అయినా కోచ్ ఈల వేసి ఆట ఆపించారు. “బంతి నీ దగ్గరకి వచ్చినప్పుడు నీ వెనక ఎవరున్నారు?” అని అడిగారు. వెనక్కి తిరగబోయాను. “చూడకుండా చెప్పు” అన్నారు. చెప్పలేకపోయాను. నా వెనక పది గజాల మేర ఎవరూ లేరు. బంతితో అటు తిరిగి ఉంటే గోల్ వైపు దారి తెరిచే ఉంది. నేను మాత్రం వెనక మనిషి ఉన్నాడని ఊహించుకుని బంతిని పక్కకి వదిలించుకున్నాను. “బంతి వచ్చాక చూసేవాడికి ఎప్పుడూ ఆలస్యమే. వచ్చేలోపు చూసి ఉండాలి” అని మళ్ళీ ఈల వేశారు.

ఆ తర్వాత 16 ఏళ్ళపాటు వృత్తి ఫుట్‌బాల్ ఆడాను, అంతా మిడ్‌ఫీల్డ్‌లోనే, అంటే మైదానం మధ్య భాగంలోనే. కోచ్ చెప్పిన ఆ మాట పూర్తిగా ఒంటబట్టడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. మధ్యలో ఒక మోకాలు దెబ్బతినవలసి వచ్చింది. ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు నన్ను ఎక్కువగా షాట్ల గురించి, డ్రిబ్లింగ్ గురించి అడుగుతారు. నాకు చెప్పాలనిపించేది మెడ గురించి, కళ్ళ గురించి.

మైదానంలో మిగతావాళ్ళకి ఏదో ఒక వైపు భద్రత ఉంటుంది. డిఫెండర్‌కి ఆట అంతా ఎదురుగానే కనిపిస్తుంది. వింగర్ వీపు వెనక గీత ఉంటుంది, అటునుంచి ఎవరూ మీద పడరు. మధ్యలో నిలబడేవాడికి నాలుగు దిక్కులా మనుషులే. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో ఒక మ్యాచ్‌కి 10 నుంచి 12 కిలోమీటర్లు పరుగెత్తుతాం. అందులో బంతి మన కాళ్ళ దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలు మాత్రమే. మిగతా సమయమంతా ఆ రెండు మూడు నిమిషాల కోసం సిద్ధపడటమే. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి మా పనిలో చాలా భాగం ప్రేక్షకులకి కనిపించదు. వీలైతే స్టేడియంలో పై వరుసలో కూర్చుని, ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క మిడ్‌ఫీల్డర్‌నే చూడండి. ఆ ఆట వేరేలా ఉంటుంది.

అకాడమీలో మాకు చూపు నేర్పిన పద్ధతి చాలా మామూలుది. నా వైపు బంతి దొర్లుతుండగా నా వెనక నిలబడ్డ ఒకడు చేతివేళ్ళు ఎత్తుతాడు. బంతిని తాకేలోపు ఎన్ని వేళ్ళో చెప్పాలి. మొదటి నెల రోజులూ బంతిని చూస్తే వేళ్ళు తప్పేవి, వేళ్ళు చూస్తే బంతి కాలి కింద నుంచి జారిపోయేది. కొన్నాళ్ళకి అసలు కిటుకు తెలిసింది. సహచరుడు బంతిని తన్నే క్షణంలో బంతినే చూడాలి, ఎందుకంటే అది ఎటు పోతుందో ఆ క్షణంలోనే తెలుస్తుంది. బంతి దారిలో ఉన్నప్పుడు దాన్ని చూస్తూ ఉండనక్కర్లేదు. ఎటు పోతుందో తెలిసిపోయింది కదా. తల తిప్పి చుట్టూ చూడవలసింది అప్పుడే. ఒక్క పెద్ద చూపు కన్నా చిన్న చిన్న చూపులు మేలు, ఎందుకంటే వెనక ఉన్నవాళ్ళు కదులుతూనే ఉంటారు. ఒకసారి చూసింది రెండు సెకన్లకే పాతబడిపోతుంది.

నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ పెద్ద లీగుల్లో మిడ్‌ఫీల్డర్ల మీదే కెమెరా నిలిపి, బంతి వచ్చేముందు వాళ్ళు ఎన్నిసార్లు తల తిప్పుతారో లెక్క పెట్టాడు. ఎక్కువసార్లు చూసేవాళ్ళ పాసులు ఎక్కువగా గురి చేరుతున్నాయని తేలింది. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ షావీ, ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ ఫ్రాంక్ లాంపార్డ్ ఆ వరుసలో ముందున్నారు. ఆ వీడియోల్లో లాంపార్డ్ మెడ పిచ్చుక మెడలా తిరుగుతూనే ఉంటుంది. మా కోచ్ ఏ పరిశోధనా చూడకుండానే అదే సంగతి చెప్పారు.

18 ఏళ్ళు నిండగానే అకాడమీ నుంచి పెద్ద జట్టుకి తీసుకున్నారు. అంతకు ముందున్నది యువ ఆటగాడి ఒప్పందం. 18 లోపు వాళ్ళతో మూడేళ్ళకి మించి ఒప్పందం కుదుర్చుకోకూడదనీ, ఆ తర్వాత కూడా ఐదేళ్ళు సాధారణ పరిమితి అనీ ఫిఫా నియమాలు చెబుతాయి. నాది మూడేళ్ళ ఒప్పందం. మొదటి మ్యాచ్‌లో 81వ నిమిషంలో దింపారు. తొమ్మిది నిమిషాల్లో బంతిని ఆరుసార్లు తాకాను, ఆరూ పక్కకే ఆడాను. డ్రెస్సింగ్ గదిలో కెప్టెన్ భుజం తట్టి “తమ్ముడూ, తప్పు చేయలేదు. సాయం కూడా చేయలేదు” అన్నాడు. ఆ మాట చాలాకాలం నొప్పిగా ఉండేది. ఇప్పటికీ అది న్యాయమైన మాటే అంటాను. వందకి 95 పాసులు సరిగ్గా ఇచ్చాడని అంకెలు చూసి మిడ్‌ఫీల్డర్‌ని మెచ్చుకోవడం నాకు నచ్చదు. ఆ 95లో ఎన్ని ప్రత్యర్థుల వరుస దాటి ముందుకు వెళ్ళాయో అడగాలి.

19 ఏళ్ళకి నా స్థానమే మారింది. మిడ్‌ఫీల్డ్‌లో మూడు రకాల పనులుంటాయి, వాటిని నంబర్లతోనే పిలుస్తారు. స్ట్రైకర్ వెనక ఉండి గోల్ అవకాశాలు సృష్టించేవాడు 10. రెండు పెనాల్టీ బాక్సుల మధ్య తిరిగేవాడు 8. డిఫెండర్ల ముందు కాపు కాసి, బంతిని వాళ్ళ దగ్గర నుంచి అందుకుని ఆటని మొదలుపెట్టేవాడు 6. చిన్నప్పటి నుంచీ నేను 10. కొత్తగా వచ్చిన కోచ్ ఒక సోమవారం పిలిచి “రేపటి నుంచి నువ్వు 6” అన్నారు. గోల్‌కి అంత దూరంగా నిలబడమంటే నన్ను నమ్మడం మానేశారని అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కోచ్ నన్ను ఓదార్చలేదు. కూర్చోబెట్టి ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆంద్రేయా పిర్లో పాత మ్యాచ్‌లు చూపించారు. పిర్లో కూడా 10గానే ఎదిగాడు. 2001లో ఇంటర్ మిలాన్ నుంచి కొంతకాలానికి అరువు మీద బ్రెషియా క్లబ్‌కి వెళ్ళినప్పుడు అక్కడ ఆ స్థానంలో రాబెర్తో బాజియో ఉన్నాడు. కోచ్ కార్లో మజోనె పిర్లోని డిఫెండర్ల ముందుకి దించాడు. ఆ తర్వాత పిర్లో అక్కడి నుంచే ప్రపంచకప్ గెలిచాడు. వెనక నిలబడితే ఆట అంతా ఎదురుగా పరుచుకుని కనిపిస్తుందని, పొడవైన పాసుకి ఎక్కువ కోణాలు దొరుకుతాయని ఆ మ్యాచ్‌లు చూశాకే అర్థమైంది. ఆ స్థానంలో రెండో రకం గొప్పతనం ఫ్రాన్స్ ఆటగాడు క్లాద్ మకెలెలెది. 2003లో అతను రియల్ మాడ్రిడ్ వదిలి చెల్సీకి వెళ్ళాక, అతను చేసే పని ఏమిటో అందరికీ తెలిసింది. ఇంగ్లండ్‌లో ఆ స్థానాన్నే అతని పేరుతో పిలవడం మొదలైంది. ప్రమాదం మొలకెత్తే చోటికి ముందే చేరుకుని నిలబడటం అతని పని. అక్కడ అతను ఉన్నాడని పాస్ ఇవ్వవలసినవాడు మనసు మార్చుకుంటాడు. ఆ పని ఏ పట్టికలోనూ నమోదు కాదు.

మరుసటి సీజన్ కింది డివిజన్ క్లబ్‌కి అరువు మీద పంపారు. అక్కడ చూపు కన్నా ముందు ఒళ్ళు గట్టిపడింది. బంతి ఎక్కువగా గాలిలోనే ఉండేది, మాకు దొరికేది రెండో బంతి. అంటే ఇద్దరు తలలతో పోటీ పడ్డాక కింద పడే బంతి. అది ఎక్కడ పడుతుందో ఊహించడం కూడా చూపులో భాగమే. దూకుతున్నవాళ్ళ భుజాలు చూస్తే కొంత తెలుస్తుంది. వెనకబడి దూకినవాడి తల నుంచి బంతి పొట్టిగా పడుతుంది. ఆ ఏడాదిలో మ్యాచ్‌లు గెలవడం కన్నా ఓడినప్పుడు బస్సులో మౌనంగా కూర్చోవడం ఎక్కువ నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక నా క్లబ్‌లో స్థానం నిలబడింది. 22, 23 ఏళ్ళలో వరుసగా ఆడాను. బాగానే ఆడుతున్నానని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. నిజానికి అప్పటికి నాకున్నది కాళ్ళ వేగం. ఆలస్యంగా చూసినా కాళ్ళు కాపాడేవి.

24వ ఏట నవంబరులో ఆ కాళ్ళలో ఒకటి దెబ్బతింది. ఎవరూ తగల్లేదు. ప్రత్యర్థి మీదికి వేగంగా వెళ్ళి, అతను బంతిని లోపలికి మళ్ళించగానే నేనూ కాలు నేలమీద పాతి తిరిగాను. పాదం అక్కడే ఉండిపోయింది, మోకాలు పక్కకి పోయింది. లోపల ఏదో పుటుక్కున తెగిన శబ్దం నాకే వినిపించింది. నొప్పి ఒక నిమిషం మాత్రమే. లేచి నాలుగడుగులు వేశాను, ఏమీ కాలేదేమో అని కూడా అనుకున్నాను. అయిదో అడుగులో మోకాలు నాది కానట్టు జారిపోయింది. సాయంత్రానికి గుమ్మడికాయంత వాచింది. స్కానింగులో ఏసీఎల్ పూర్తిగా తెగిందని తేలింది. మోకాలి లోపల ఏటవాలుగా ఉండి, మోకాలి కింది ఎముక ముందుకి జారకుండా పట్టి ఉంచే లిగమెంట్ (ఎముకలని కలిపే పట్టీ) అది. వేగంగా ఆగి దిశ మార్చడమే మా వృత్తి కాబట్టి, ఎవరూ తగలకుండానే అది తెగడం ఫుట్‌బాల్‌లో సాధారణం. 2024 సెప్టెంబరులో స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ రోడ్రీకి అదే గాయమైంది. మరుసటి నెల ప్రపంచ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ బహుమతి అందుకోవడానికి అతను చంకకర్రలతో వేదిక ఎక్కినప్పుడు నేను టీవీ ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాను.

గాయమైన రోజుకి నా ఒప్పందం ముగియడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉంది. కోలుకోవడానికి కనీసం తొమ్మిది నెలలు. ఆ తేడా ఒక్క నెలే అయినా అది నా జీవితాన్ని మార్చింది. అంతకు ముందు నెలలో కొత్త ఒప్పందం గురించి మాట్లాడుకుందామన్న క్లబ్, శస్త్రచికిత్స తర్వాత ఆ మాట ఎత్తలేదు. వైద్యం ఖర్చు మాత్రం భరించింది, అందులో లోటు చేయలేదు. జూన్‌తో నా పేరున్న అల్మరా ఖాళీ చేయించారు.

ఒప్పందం ముగిసిన ఆటగాడు ఎక్కడికైనా వెళ్ళవచ్చు అనే హక్కు మాకు దక్కింది జాన్-మార్క్ బోస్మన్ వల్ల. అతనూ మిడ్‌ఫీల్డరే. బెల్జియంలో ఒప్పందం ముగిసినా క్లబ్ అతన్ని డబ్బు లేకుండా వదలకపోతే న్యాయస్థానానికి వెళ్ళాడు. 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం అతని వైపు తీర్పు ఇచ్చింది. ఈ రోజున ఒప్పందం ఆఖరి ఆరు నెలల్లోకి రాగానే ఆటగాడు మరో క్లబ్‌తో మాట్లాడుకోవచ్చు. ఆ తీర్పు నాకెంతో గౌరవం. కానీ తెగిన మోకాలితో ఆ స్వేచ్ఛ చేతికి వస్తే ఎటు నుంచీ ఫోను మోగదు. బోస్మన్ ఆట జీవితం కూడా ఆ పోరాటంలోనే కరిగిపోయిందని ఆ రోజుల్లో చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

శస్త్రచికిత్సలో తొడ వెనక కండరానికి ఉండే స్నాయువు నుంచి కొంత తీసి, దానితో కొత్త లిగమెంట్ కట్టారు. మొదటి రెండు వారాల్లో ఫిజియో నన్ను అడిగినవి రెండే. మోకాలు పూర్తిగా చాపు, తొడ కండరాన్ని బిగించు. రెండూ చేతకాలేదు. తొడని చూస్తూ “బిగుసుకో” అని మనసులో ఎంత చెప్పినా అది పలకలేదు. కండరం ఎంత త్వరగా కరిగిపోతుందో చూస్తే భయం వేస్తుంది. ఒక తొడ చుట్టుకొలత రెండో దాని కన్నా మూడు సెంటీమీటర్లు తగ్గింది.

అన్నిటికన్నా ప్రమాదమైన సమయం నొప్పి పోయాక వచ్చింది. నాలుగో నెలలో నేరుగా పరుగెత్తాను. ఐదో నెలకి మోకాలు బాగున్నట్టే ఉంది. బంతితో ఆడనివ్వమని పోట్లాడాను. ఫిజియో ఓపిగ్గా చెప్పింది: “నీకు బాగుంది, దానికి ఇంకా బాగా లేదు.” అతికించిన స్నాయువు మొదటి నెలల్లో బలహీనపడి, ఆ తర్వాతే నెమ్మదిగా లిగమెంట్ లక్షణం తెచ్చుకుంటుంది. తొమ్మిది నెలల లోపు తిరిగి ఆడినవాళ్ళలో మళ్ళీ గాయపడే ముప్పు బాగా ఎక్కువని అధ్యయనాలు చూపించాయి. రెండు కాళ్ళ బలంలో తేడా పది శాతం లోపుకి వచ్చేదాకా, ఒంటికాలి గెంతు పరీక్షలు నెగ్గేదాకా ఆమె ఒప్పుకోలేదు. ఈ గాయం తగిలిన కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: తేదీ చూసి మైదానంలోకి దిగకండి, పరీక్షలు నెగ్గి దిగండి.

క్లబ్ లేదు, ఆట లేదు. వారానికి రెండు మ్యాచ్‌లకి వెళ్ళి స్టాండ్‌లో పై వరుసలో కూర్చునేవాణ్ణి. ఊరికే చూస్తుంటే దిగులు పుట్టేది. అందుకని ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళాను. ప్రతి సగంలో ఒక్క మిడ్‌ఫీల్డర్‌ని ఎంచుకుని, బంతి అందుకునే ప్రతిసారీ రెండు గుర్తులు పెట్టేవాణ్ణి. వచ్చేలోపు వెనక చూశాడా, అందుకున్నాక ముందుకి ఆడగలిగాడా. పది మ్యాచ్‌లయ్యేసరికి ఆ పేజీలు నాతో మాట్లాడటం మొదలుపెట్టాయి. చూసినవాడు బంతిని దూరపు కాలితో, సగం తిరిగిన ఒంటితో అందుకుంటున్నాడు. మొదటి స్పర్శలోనే ముందుకి వెళ్ళే దారిలో ఉంటున్నాడు. చూడనివాడు దగ్గరి కాలితో ఆపి, తన గోల్ వైపే ముఖం పెట్టి నిలబడి, వచ్చినచోటికే తిరిగి పంపుతున్నాడు. చూడనివాడి పరుగు కూడా ఎక్కువే. ఆలస్యాన్ని కాళ్ళతో పూడ్చుకుంటున్నాడు. ఆ పేజీల్లో నన్ను నేను చూసుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

ఫిజియోకి ఈ సంగతి చెప్పాను. ఆ వారం నుంచి నేను ఒంటికాలి మీద నిలబడి ఆమె విసిరిన బంతిని పాదంతో తిరిగి ఇస్తుంటే, నా వెనక నిలబడ్డ సహాయకుడు వేళ్ళు ఎత్తడం మొదలుపెట్టాడు. 15 ఏళ్ళప్పటి పాఠం 25 ఏళ్ళకి, అతికించిన మోకాలి మీద మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. షావీకి కూడా 2005 డిసెంబరులో ఇదే లిగమెంట్ తెగిందని, 2008 నుంచి 2012 మధ్య స్పెయిన్ గెలిచిన మూడు పెద్ద టోర్నీల్లో మధ్యలో నిలబడి ఆటని నడిపింది ఆ గాయం తర్వాతేనని గుర్తు చేసుకుని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి.

పదకొండో నెలలో రెండో డివిజన్ క్లబ్ ఒకటి వైద్య పరీక్ష చేసి, ఒక్క సీజన్‌కి ఒప్పందం ఇచ్చింది. వేరే దేశం, తెలియని భాష. మొదటి వారం నేర్చుకున్న మాటలు మూడు: “మనిషి”, “తిరుగు”, “సమయముంది”. మధ్యలో ఆడేవాడికి ఏ భాషలోనైనా ముందు కావలసినవి అవే. వీపు వెనక చూడలేనప్పుడు పక్కవాడి గొంతే కన్ను. రెండు నెలలయ్యేసరికి నేనే అందరికన్నా ఎక్కువ అరిచేవాణ్ణి.

తిరిగి ఆడిన మొదటి మ్యాచ్‌లో మోకాలి మీద ఎవరైనా పడతారేమోనని ఇరవై నిమిషాలు వణికాను. తర్వాత ఒకడు నిజంగానే పడ్డాడు. లేచి చూసుకుంటే ఏమీ కాలేదు. అక్కడితో భయం పోయింది. మునుపటి వేగంలో కొంత తిరిగి రాలేదు, ఇక రాదని నాకు తెలుసు. కానీ బంతి నా దగ్గరకి వచ్చేసరికి అది ఎటు పోవాలో నాకు ముందే తెలిసి ఉండేది. ఆ సీజన్‌లో ఒక వర్షపు రాత్రి, ముగ్గురు నన్ను చుట్టుముట్టడానికి వస్తుండగా, ఒక్క స్పర్శలో తిరిగి వాళ్ళ వరుసని దాటే పాస్ ఇచ్చాను. గోల్ పడలేదు. ఆ పాస్‌ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నా వృత్తి జీవితంలో నేను అందరికన్నా ముందు గుర్తు తెచ్చుకునేది అదే.

ఆ క్లబ్‌లోనే మరో ఆరేళ్ళు, ఆ తర్వాత ఇంకో చోట మూడేళ్ళు ఆడాను. వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఒక్క విషయంలో మాత్రం తృప్తి లేదు. ప్రత్యర్థి ఎదురుదాడికి దిగినప్పుడు మధ్యలోనే చొక్కా పట్టుకుని లాగి పసుపు కార్డు తీసుకోవడం 6వ నంబరు పనిలో భాగమని అందరూ అంటారు. నేనూ చాలాసార్లు చేశాను. చేసిన ప్రతిసారీ అంతకు రెండు సెకన్ల ముందు నేను చూడవలసినది చూడలేదనే అర్థం. దాన్ని తెలివి అని పిల్లలకి నేర్పడం నాకు ఇష్టం లేదు.

32 దాటాక, మా పరుగుని కొలిచే జీపీఎస్ చొక్కా చెప్పే అంకెలు మారాయి. మొత్తం దూరం తగ్గలేదు. వేగంగా పరుగెత్తిన దూరం ప్రతి సీజన్‌లో కొంత కోసుకుపోయింది. అదే కాలంలో సబ్‌స్టిట్యూట్ల సంఖ్య మూడు నుంచి ఐదుకి పెరిగింది. 2020లో తాత్కాలికంగా వచ్చిన ఆ మార్పు 2022లో స్థిరమైంది. దాంతో 60వ నిమిషంలో నా ఎదురుగా తాజా కాళ్ళ కుర్రాడు ప్రత్యక్షమయ్యేవాడు. లూకా మోడ్రిచ్ 33 ఏళ్ళ వయసులో, 2018లో బాలన్ డోర్ గెలిచాడు. అలాంటివాళ్ళని చూసి ఇంకో రెండేళ్ళు అనుకునేవాణ్ణి. 34లో ఒక ఉదయం మెట్లు దిగుతూ మోకాలు పట్టేసి, కమ్మీ పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడ్డాను. ఆ సీజన్‌తో చాలిస్తున్నానని ఆ రోజే కోచ్‌కి చెప్పాను.

ఆఖరి మ్యాచ్ లీగ్ పట్టికలో దేన్నీ మార్చేది కాదు. 71వ నిమిషంలో నా నంబరు బోర్డు మీద కనిపించింది. నా బదులు దిగుతున్నవాడికి 19 ఏళ్ళు. గీత దగ్గర కెప్టెన్ పట్టీ విప్పుతూ, అతని చెవిలో ఒక్క మాట చెప్పాను. “వాళ్ళ 8వ నంబరు ఎడమ భుజం మీదుగా చూడడు. అటునుంచి వెళ్ళు.” బెంచ్ మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటుండగా జనం కేక వినిపించింది. తలెత్తి చూసేసరికి కుర్రాడు ఎడమవైపు నుంచి బంతి లాక్కుని, తల తిప్పి చూసుకుంటూ ముందుకి పోతున్నాడు.